జనవరి ఒకటి

బెంగళూరు, థణిసంద్ర. పంక్చర్ షాపు మీది గది.
టోకెన్ పద్నాలుగు, సనోవారా.
కొడుక్కి బడిలో సీటు కావాలి.

పుట్టిన తేదీ? అడిగాను, నా అతుకుల హిందీలో.
"వరి పొట్టకొచ్చింది. ఏరు గట్టు దాటింది.
మంత్రసాని తడిసిపోయి వచ్చింది."

గడిలో అంకెలే పడతాయి.
తెలియనివాళ్ళందరికీ జనవరి ఒకటి వేస్తాం.
ఈ బీరువాలో మూడొందల మంది
ఒకే రోజు పుట్టారు.

మా అమ్మా అంతే.
"నువ్వా? ఉప్పెనొచ్చిన ఏడు,
గేదె ఈనిన మర్నాడు" అనేది.
నా తేదీ కూడా బళ్ళో మేష్టారు వేసిందే.
నీదే దేశమని మాత్రం ఎవరూ అడగలేదు.

జనవరి ఒకటి, రాశాను.
ఆమె కాగితం తిప్పి తిప్పి చూసి
"ఆ రోజు ఇక్కడ వాన పడుతుందా?" అంది.