రెండో దెబ్బ

మొదటి బోర్డు మీద రెండే అక్షరాలు:
బడి.
చింతపల్లి దాటినంక గుట్ట మలుపుకాడ
రేకుల షెడ్డు, ఒంటి తలుపు,
దాని మీద నా చేతి నీలం రంగు.
పైన చిన్న సిలువ గీసిన.
దానికి పైసలు తీసుకోలె.

అక్షరానికి రూపాయి ఆ రోజుల్ల.
ఎలీషా సారు నవ్విండు:
"జకరయ్యా, పేదోళ్ల బడికి
పేరు పొట్టిగుంటెనే అగ్గువ."

పేరు పెరిగింది తర్వాత.
దేవరకొండల రెండోది, మల్లేపల్లిల మూడోది,
కల్వకుర్తిల అద్దె మేడ మీద నాలుగోది.
అచ్చంపేటకు పోయేసరికి
కృపా ఇంటర్నేషనల్ స్కూల్.
ఆ నడిమి మాట ఒక్కటే ఆరు అక్షరాలు.
రేకు చాలలె.
చివరి పొల్లు పక్కకు జారి
గేటు స్తంభం మీద కూసుంది.
"లోకం పెద్దది గద సారూ, పట్టలే" అన్న.

ఆ గోడలు లేపింది పాలమూరోళ్లు.
వనపర్తి అవతలి చెన్నమ్మ
ఇసుక జల్లెడ పట్టుకుంట అడిగింది,
"గంత పొడుగు మాట, ఏమని అర్థమన్నా?"
దేశదేశాలది అని చెప్పిన.
జల్లెడ ఆపి వేళ్ల మీద లెక్క పెట్టింది:
పుణె, భీవండి, సూరత్,
పెనిమిటి మస్కట్‌ల రెండేండ్లు.
"అయితే మేమే ముందు" అని
మళ్ల జల్లెడ ఊపింది.
ఆ మాట రాయనీకె
ఏ సారూ నాకు గోడ ఇయ్యలె.

ఫ్లెక్సీలొచ్చినయి.
తెల్ల పావురం, దాని కింద తిరిగే భూగోళం,
టై కట్టిన పిల్లల నవ్వులు. ఎవరి పిల్లలో,
మన దిక్కు పండ్లు గంత తెల్లగుండవు.
నా కుంచెలు కిరసనాయిలు డబ్బాల
కట్టెలోలె బిగిసినయి.

నీళ్ల ట్యాంకు మాత్రం గుండ్రం.
దాని మీద ఫ్లెక్సీ నిలువది.
అందుకే కొత్త బ్రాంచి తెరిచినప్పుడల్ల పిలుస్తరు,
నిచ్చెనెక్కి దప్పిక గురించిన వాక్యం రాస్త.
మర్రిగూడల రాసిననాడు
గార పండ్ల పిల్లలు తలలెత్తి
ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివిండ్రు.
ట్యాంకుల నీళ్లు ఫిల్టరయి.
గా ఒక్కరోజు నా పనికి గర్వపడ్డ.

మనవరాలు సలోమి ఫీజుల సగం
నా అక్షరాలల్ల కోసుకున్నరు.
తతిమ్మా సగం ఇంక బాకీనే.

ఆఫీసు గదిల ప్రపంచ పటం.
మన రెండు జిల్లాలల్ల ఎర్ర తలల గుండుసూదులు
చెమటకాయలోలె దగ్గరదగ్గర.
పదిహేనోది సముద్రం దాటి నైరోబీల.
గుచ్చేటప్పుడు సారు చెయ్యి వణికింది,
వయసుకో, సంబురానికో,
బ్యాంకుల ఉన్న అప్పుకో.

గంట సంగతి చెప్పలే కదా.
షెడ్డు ముంగట యాపచెట్టుకు
రైలు పట్టా ముక్క వేలాడేది.
కొట్టేది మా అమ్మ దీనమ్మ.
ఒకనాడు సారు కొడుకు ఫోను పట్టుకొచ్చి
"ఒక్కసారి కొట్టు పెద్దమ్మా, రికార్డు చేస్త" అన్నడు.
అలవాటు చొప్పున రెండుసార్లు కొట్టింది.
ఇప్పుడు అన్ని బ్రాంచీలల్ల, మైకులల్ల,
పొద్దున తొమ్మిదికి అదే మోగుతది.
నైరోబీల కూడ.

మొన్న అక్కడి టీచరమ్మ వచ్చి అడిగింది,
నడుమ గంత సందు ఇచ్చి
రెండు దెబ్బలెందుకని.
సారుకు యాదికి లేదు.
కంప్యూటరు పిలగాడు దాన్ని
తప్పనుకొని దిద్దబోయిండట.
అమ్మ పోయి ఆరేండ్లు.

మొదటిది వచ్చి కూసున్నోళ్లకు.
రెండోది, గుట్ట మీద మేకలను తమ్మునికి అప్పజెప్పి
చెప్పులు చేతుల పట్టుకొని ఉరికొచ్చే
కురుమోళ్ల బీరప్పకు.
ఆ సందు, వాడు వాగు దాటేటంత సేపు.

చెప్పుదామనుకున్న.
టీ తాగి ట్యాంకెక్కిన.
తొమ్మిదయింది. ఒక దెబ్బ.
కుంచె ఆపి
గుట్ట దిక్కు చూసిన.