రెండో తాళంచెవి

మా సిద్దిఅంబర్ బజార్ బ్రాంచిలో
ఇనప్పెట్టెకి రెండు తాళాలు.
ఒకటి హెడ్ క్యాషియర్ బాలనర్సయ్యది, ఒకటి నాది.
ఒకరు లేకుండా ఇంకొకరం తెరవలేకపోవడానికే
మా ఇద్దరికీ జీతం.

మొన్న వాన.
పుత్లీబౌలి దగ్గర మోకాటి నీళ్లలో ఆగిపోయిన ఆటోలోంచి
ఫోన్ చేశాను:
"అన్నా, నా తాళంచెవి సొరుగులనే ఉంది. నువ్వే తెరువు."

తెరిచాడు.
కౌంటరు ముందు అప్పటికే సేట్ల గుమాస్తాలు,
మిరప ఘాటు కొట్టే సంచులతో.

సాయంత్రం లెక్క పైసాతో సహా సరిపోయింది.
"ఏం గాలే గద మేడం" అంటూ
నా తాళంచెవిని దస్తీలో చుట్టి ఇచ్చాడు.
వేళ్లు ఇంకా వణుకుతున్నాయి.

అప్పుడు తట్టింది.
ఒక్క కట్ట తక్కువపడి ఉంటే
నన్నెవరూ అడిగేవారు కాదు, నేను వానలో ఉన్నాను.
పొద్దున ఆ ఇనప తలుపు ముందు
ముప్పై ఒక్కేళ్ల సర్వీసుతో, సాక్షి లేకుండా
ఒంటరిగా నిలబడ్డది బాలనర్సయ్య.

పొరపాట్ల రిజిస్టరు తీశాను.
నష్టం: సున్నా.
కారణం: వాన
అని రాసి, కాసేపు చూసి, కొట్టేసి
పక్కన నా పేరు రాశాను.