ఏడో మెట్టు

నూరు మంది పేర్లిస్తే మళ్ళీ చేస్తారంటండి.
పాలకొల్లు నుంచి ఏసుపాదం ఫోను.
ఏంటి చేసేది, ఎవరు చేసేదని నేనడగలేదు.
ముప్పయ్యేళ్ళుగా మా ఇద్దరి మధ్యా
‘అది’ అంటే ఒక్కటే.

చెరుకుపానకం రంగు ఒళ్ళు,
తల దగ్గర వెండి సిరాతో వంకర సంతకం:
డెస్మండ్ గుణశీలన్.
మద్రాసు స్టూడియోల్లో వెనక వరసలో కూర్చుని
మనందరి పెళ్ళిపందిళ్ళ పాటల్లో మీటినవాడు.
కేసెట్టు అట్టల మీద ఎక్కని పేరు
గిటారు మీద ఎక్కింది.
రెండేళ్ళు. అంతే.
గెల దింపాక అరటిబోదె నరికేసినట్టు
ఆపేశారు.

గోదారికి ఈ దరీ ఆ దరీ కలిపి నాలుగే ఉండేవి.
నాది రెండు మూఢాలు పస్తుండి కొన్నది.
పదకొండు వేలు, అప్పట్లో.
రొయ్యల చెరువులాయన కూతురి పెళ్ళిలో
తెల్లార్లూ వాయించిన డబ్బు,
తక్కువైన దానికి మా ఆవిడ లేసు అల్లిన డబ్బు.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కబోతే
సూరన్న దాని పెట్టె వైపు చూసి
‘దీనికి అర టిక్కెట్టు’ అనేవాడు.
ఒళ్ళో కూర్చోబెట్టుకుంటానన్నా వినేవాడు కాదు.

ఇక జబ్బు సంగతి.
ఏడో మెట్టు మీద మూడో తీగ
వెంట్రుకవాసి కిందికి పలికేది.
నాలుగింటికీ అదే జబ్బు, పుట్టుకతోనే.
అక్కడికొచ్చేసరికి వేలితో తీగని కాస్త పైకి నెట్టాలి.
ఆ నెట్టుడులో ఒక మూలుగు వచ్చేది చూడండి,
మలికిపురంలో ఒక ముసలాయన స్టేజీ ఎక్కొచ్చి
‘ఆ ఏడ్చిన చోట ఇంకోసారి ఏడిపించవయ్యా’ అని
నా జేబుకి యాభై గుచ్చి వెళ్ళాడు.

ఉప్పుగాలి ఊరుకోదు.
మీటలు తుప్పు, మెడ గెడకర్రలా వంకర.
లోపలి చుట్టలు కాలిపోతే
నరసాపురంలో మిక్సీలు బాగుచేసే భూషణం
టేబుల్ ఫ్యాను రాగితీగతో చుట్టిచ్చాడు.
ఇప్పుడది సగం గిటారు, సగం ఫ్యాను.
శనివారం శనివారం తుడిచి తుడిచి
సంతకం నేనే చెరిపేశాను.
చివరి మెలిక ఒక్కటి మిగిలింది,
గట్టు మీద ఎండిన వానపాములా.

పేర్లకి తిరిగాం.
యానాం ఫ్రాంక్లిను పోయి ఆరేళ్ళయింది.
వాళ్ళబ్బాయి, నాన్న పేరు రాయండన్నాడు.
రాశాం.
అంతర్వేదిలో కొండలరాయుడికి ఎడంచెయ్యి పడిపోయింది.
సంతకం కుడిచేత్తోనే కదండీ, అని నవ్వి
పెట్టాడు.
భూషణం పెట్టి, నా ఫ్యాను తిరిగిచ్చేస్తావా మరి, అన్నాడు.
మొత్తం పందొమ్మిది.
నూటికి పందొమ్మిది!
లెక్కల్లో ఏసుపాదానికి ఎప్పుడూ వచ్చే మార్కులే.

కింద నేను నాలుగు ముక్కలు రాశాను.

అయ్యా,
చేస్తే అన్నీ సరిచేసి చెయ్యకండి.
ఏడో మెట్టు దగ్గర ఆ వెంట్రుకవాసి అలాగే వదిలెయ్యండి.
ఆదివారం మందిరంలో మా మేనల్లుడి కొత్త గిటారు పట్టుకుంటే
నా వేలు అక్కడికి రాగానే, చెప్పకుండా, పైకి నెడుతోంది.
సరిగ్గా ఉన్న స్వరం చెడిపోతోంది.
కీబోర్డు కుర్రాడు నావైపు జాలిగా చూస్తున్నాడు.
ఆ తప్పు లేకపోతే
నా చెయ్యి తప్పవుతోందండి.

కవరు అంటించకుండానే రేవుకెళ్ళాను.
సూరన్న ఇప్పుడు టిక్కెట్లు చింపడు,
గట్టున బల్ల మీద కూర్చుని వచ్చేపోయే పంట్లని లెక్కెడతాడు.
ఏంటా కాగితం అన్నాడు. చెప్పాను.
నాకు సంతకం రాదు కదా, అన్నాడు.
టిక్కెట్ల గదిలో ఇంకుప్యాడు ఉంది.
ఇరవయ్యోది వేలిముద్ర.
ఆరేదాకా కాగితాన్ని తనే గాలికి పట్టుకుని
‘వస్తే గిస్తే చెప్పు’ అన్నాడు,
‘ఈసారి ఫుల్ టిక్కెట్టే.’