ఒత్తులు రాలిన పేరు

మా దుకాణంల కంప్యూటర్
రోజూ పొద్దుగాల రెండువేల రెండుల నిద్ర లేస్తది.
జనవరి ఒకటి, అర్ధరాత్రి పన్నెండు.
లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ చచ్చిపోయి చానా దినాలైంది.
షటర్ లేపి, అగర్‌బత్తి ముట్టిచ్చి,
దానికి ఇయాల్టి తారీఖు చెప్పుడు నా మొదటి పని.
చెప్పుడు మరిచిననాడు
ఏ సైటూ దాన్ని గడప దాటనియ్యది:
నీ కాలం వేరు, నువ్వెవలో మాకు తెల్వదంటది.

సాంబన్న కొత్తది కొనడు.
"వేలిముద్ర మిషిను దీని మాటే ఇంటది" అంటడు.
నిజమే. నేను మూడుసార్లు చూసిన.

కొత్తవాడ మూలమీద మాది.
వెనుక గోడకు ఆనుకొని మగ్గాల చప్పుడు,
ముందట ఆటోల హారన్లు,
నడుమ నేను, నాకంటె రెండేండ్లు పెద్ద బ్రౌజరు.

సోమవారం పింఛన్ల సైటు కొత్త బట్టలు కట్టింది, తెలుగు నేర్చింది.
అందరికీ మంచిగ కనవడుతున్నదట.
నా దాంట్ల మాత్రం
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల లాటు జారినట్టు
డబ్బాలన్నీ ఎడమ పక్కకే కుప్పవడ్డయి.
మెనూ మీద ఫొటో, ఫొటో మీద ఫోన్ నంబరు.
'సమర్పించు' బటన్ తెర బయట ఎక్కడో పడిపోయింది.
కంటికి కానరాదు, అయినా ఉన్నది.
ట్యాబ్ నొక్కుకుంట పోతే పద్నాలుగో దెబ్బకు దొరుకుతది.
పదమూడైతే రద్దు. పదిహేనైతే మళ్ల మొదటికి.
పెదవులు కదిలిచ్చుకుంట లెక్కవెడ్త,
లైన్ల నిలవడ్డోళ్లు జపం చేస్తున్న అనుకుంటరు.

ఆడెపు బుచ్చవ్వ వచ్చింది,
కొంగుకు నీలిరంగు దారప్పోగులు అంటుకొని.
వేలు పెట్టింది. ఎర్రలైటు.
జంపఖానాలు నేసి నేసి గీతలు అరిగినయి.
ఎడమచెయ్యి ఉంగరపు వేలు, మూడోసారికి ఒప్పుకున్నది.
"పేరు సూస్కో అవ్వా" అని తెర తిప్పిన.

చదువు రాదు ఆమెకు.
సంఘం పుస్తకంల సంతకానికని
ఒక్క పేరు నేర్చుకున్నది, బొమ్మ లెక్క.
చానాసేపు చూసింది.
"ఇది నాది కాదు బిడ్డా" అన్నది.
"నా పేరు కింద రెండు చిన్నయి ఏలాడుతుంటయి,
తల్లి కొంగు వట్టుకున్నట్టు. యాడ వోయినయి?"

అప్పుడు చూసిన నేను.
బుచ్‌చవ్‌వ.
రెండేండ్ల సంది తెలుగంతా గిట్లనే చదువుతున్న.
విరిగినదాన్ని మనసుల అతికిచ్చుకునుడు అలవాటై
విరిగిందనే మరిచిన.

"ఎట్ల కనవడితే ఏంది, పైసలు పడ్తయి గదా" అన్నడు సాంబన్న.
బుచ్చవ్వ కుర్సీ దిగలే.
"పోగు తెగినంక తెల్వనట్టు నేస్తె
పరిచిననాడు తెలుస్తది."

వెతికిన. భాషల పేజీల ఒక చిన్న గడి,
మిషిన్ కొన్ననాటి సంది ఎవలూ టిక్కు పెట్టలే.
పెడితే డిస్కు అడిగింది.
స్టాంపు పేపర్ల బీరువల లేదు, పాత ప్రింటర్ కింద లేదు.
దొరికింది సాంబన్న చాయ్ గ్లాసు కింద,
నాలుగేండ్ల సంది సాసరై బతుకుతున్నది.
చున్నీతోటి తుడిచిన. గీతలు. గోధుమరంగు గుండ్రం.
డ్రైవు దగ్గింది, ఆగింది, మళ్ల దగ్గింది.

కరెంటు పోవద్దని ఎవలికి మొక్కిన్నో యాదికి లేదు.
ఆ మొక్కు సగమే పనిచేసింది:
పని అయినంక పోయింది.

మళ్ల రెండువేల రెండు. మళ్ల తారీఖు.
మళ్ల వేలు, మళ్ల మూడుసార్లు.
కుప్పవడ్డ డబ్బాలు కుప్పవడ్డట్టే ఉన్నయి,
బటన్ ఇంకా తెర బయటనే.
దానికి నా దగ్గర మందు లేదు.
కని ఆ కుప్ప నడుమ,
ఫోన్ నంబరు కింద సగం మునిగి,
బుచ్చవ్వ.

ఆమె తెరమీద ఆ అరిగిన వేలు పెట్టింది,
ఒక ఒత్తు మీద, ఇంకో ఒత్తు మీద,
పోగులు చూసుకున్నట్టు.
"ఆఁ" అన్నది. "ఇప్పుడు నొక్కు."

ఒకటి, రెండు, మూడు...
ఆమె గూడ నాతోని లెక్కవెట్టింది,
పద్నాలుగు దాంక.