వరద గీత

ఆగస్టు నీళ్ళు మా గోడ మీద
మొలెత్తున ఒక గీత గీసి పోయాయి.
అదే గీత, అదే ఎరుపు,
బీరువా పక్కన చుట్టి నిలబెట్టిన
నా తెల్ల లేసు గుడ్డ మీదా ఉంది.

నాలుగు నెలల పని అది.
నలభయ్యో నంబరు దారం, పదకొండు కండెలు,
మూడొందల పన్నెండు పువ్వులు.
పొయ్యి మీద కూర ఉడికేలోగా రెండు,
కరెంటు పోయిన రాత్రి గుమ్మంలో కూచుని నాలుగు,
చిన్నోడికి జొరం వచ్చిన వారం
ఒక్కటీ లేదు.

ఏజెంటు ధర్మారాయుడు గారు
మోటారుసైకిలు దిగకుండానే గుడ్డ విప్పి
ఎండకేసి చూశారు.
"ఆయ్, పనికి వంక లేదమ్మా.
మరకే. తెలుపంటే తెలుపే కావాలంటారు వాళ్ళు."
దారం ఖరీదు పుస్తకంలో నా పేరు కింద రాసుకుని
నర్సాపురం వైపు పోయారు.

సబ్బు, నిమ్మకాయ, నీలిమందు, ఎండ.
మూడు రోజులు.
కింది ఎరుపు కాస్త వదిలింది గానీ
గీత కదలదే!
ఏ కొండల మన్నో, ఎన్ని రేవులు దాటి వచ్చిందో,
లంక భూమికి పట్టా పుచ్చుకున్నట్టు
నా పువ్వుల మధ్య స్థిరపడింది.

ఓలేటి నరసన్న తాత అరుగు మీంచి చూసి చూసి
"దాన్నెందుకే అట్టా బాదుతావు,
నూలేగా? వలకి పోసినట్టు రంగు పొయ్యి" అన్నాడు.
నైలాను రాక ముందు
వాళ్ళ వలలన్నీ తుమ్మచెక్క నీళ్ళలో ఉడికినవేనట,
ఉప్పు తినకుండా, కుళ్ళు పట్టకుండా.
"ఇదీ వలే మరి. కన్నాలు చిన్నయ్యి, అంతే."

వడ్లు ఉడికించే కాగులో చెక్క ఉడికించాం.
చిక్కటి నీళ్ళు. ఇల్లంతా వగరు.
గుడ్డ వేసి కర్రతో అదిమాను,
తెల్లగా పైకి తేలిన ప్రతి పువ్వునీ
మళ్ళీ ముంచాను.
కూర పూట పువ్వులూ, చీకటి పూట పువ్వులూ
అన్నీ ఒకే రంగులోకి దిగిపోయాయి.
మరకని దాచాలంటే
మిగతాదంతా మరక చెయ్యడమే దారి.

అయినా, ఆరాక చూస్తే
గీత ఉంది. కొంచెం ముదురుగా.
"ఉండనీ," అన్నాడు తాత,
"నీళ్ళు ఎందాకా వచ్చాయో తెలవొద్దా?"

దండెం మీద దాన్ని చూసి
ధర్మారాయుడు గారు ఈసారి బండి దిగారు.
"ఈ రంగు కొత్తగా ఉందమ్మా. ఆ గీతతో సహా
ఇలాంటివి డజను కావాలి."
"గీతకి మళ్ళీ వరద రావాలండి" అన్నాను.
ఆయన నవ్వలేదు. పుస్తకం తీసి
బాకీ కొట్టేస్తానన్నారు.
ఇవ్వనన్నాను.
ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.
ఆ బాకీ తీరడానికి ఇంకో రెండొందల పువ్వులు పట్టాయి.

మా అత్త దయామణి అప్పుడు బొంత కుడుతోంది.
కింద, నానిపోయిన పరుపు మీది గుడ్డ.
నడుమ, మా ఆయన చిరుగు లుంగీలు,
పెద్దదాని బడి పావడా.
పైన, వరద సాయంలో పంచిన చీర,
వీధిలో ఎవరూ కట్టని ఆ నారింజ రంగుది.
"దీని మీద నీ గుడ్డ పరు" అంది
దబ్బనం పెదాల మధ్య పెట్టుకునే.
ఆ కొస నించి తను, ఈ కొస నించి నేను
టాకాలు వేసుకుంటూ వచ్చి వచ్చి
గీత దగ్గర
మోకాళ్ళు తగిలాయి.

నిన్న రాత్రి చిన్నోడి బొటనవేలు
ఓ కన్నంలో ఇరుక్కుంది.
నిద్రలోనే గుంజాడు, ఓ పువ్వు తెగింది.
తుమ్మచెక్క దారం ముక్క లేదు ఇంట్లో.
లైటు వెయ్యకుండా, వేళ్ళకి తెలిసినంత మేర
తెల్ల దారంతోనే అల్లి కలిపాను.

పొద్దున్న చూశాను.
గీతకి జానెడు కింద
ఒక్క పువ్వు,
నీళ్ళంటే ఎరగనట్టు.