లోపలి గడియ

అయ్యగారూ, వందనాలండి.
నేను కెజియమ్మని. వెనక వరసలో, ఏసీ కింద
నీలం చున్నీ కప్పుకుని కూర్చునే మనిషిని.
ఎగ్జాస్ట్ ఫ్యాను చప్పుడొస్తే ఏమనుకోకండి,
వంటింట్లోంచి మాట్లాడుతున్నాను.
రెండుసార్లు రికార్డు చేసి చెరిపేశాను. ఇది మూడోది.

గుమ్మం దగ్గర అందరితోపాటు నేనూ
"మంచి వాక్యం అయ్యగారూ" అన్నాను కదా,
అబద్ధం కాదు. సగం.
మిగతా సగం సాల్మియా నుంచి ఇక్కడిదాకా
వ్యానులో నా ఒళ్లోనే కూర్చుంది.

పరలోకంలో మేడల గురించి చెప్పారు.
ఎన్ని గదులో లెక్కే లేదన్నారు.
పాలరాతి నేల, బంగారు వీధి, అద్దంలాంటి గోడలు.
మీరు చేతులు చాపి చూపిస్తుంటే
మా వరసలో పదిమందిమీ
ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం.
ఇక్కడ నాకు పద్నాలుగు గదులండి,
ఆరు బాత్రూములు.
పాలరాతి మీద నిమ్మచుక్క పడితే మచ్చ పోదు.
అద్దం నిండా పిల్లల వేళ్లు.
దుమ్ము లేచిన రోజు కిటికీ గాడుల్లో
పుల్లకి గుడ్డ చుట్టి తియ్యాలి.
సువర్ణమ్మ నా చెవిలో
"అక్కడెవరు తుడుస్తారే?" అంది.
నవ్వాగక చున్నీ నోట్లో కుక్కుకున్నాను.
మీరది చూసి, ఏడుస్తున్నాననుకుని
"స్తోత్రం చెప్పమ్మా" అన్నారు.
చెప్పాను.

తప్పుపట్టడం కాదండి.
మీరు మా ఆఖరి తమ్ముడి ఈడు.
పగలంతా ఫర్వానియాలో టైర్ల షాపు,
రాత్రిళ్లు చదువు.
గోళ్లలో నలుపు పోకుండానే పేజీ తిప్పుతారు.
అందుకే చెబుతున్నా. పరాయివాళ్లకైతే చెప్పను.

ఈసారి మేడ వద్దు.
ఒక్క గది చెప్పండి. చిన్నదే.
ఒక మంచం, బట్టలు తగిలించుకోడానికి ఒక మేకు,
తలుపుకి లోపలివైపు గడియ.
మనం వేస్తే పడే గడియ.
మనం తీస్తేనే తెరుచుకునే తలుపు.
ఆ మాటని ఓ నిమిషం ఊరుకోండి.
స్తోత్రం మమ్మల్ని అడగక్కర్లేదు.

ఇంకోటి. "ముగిస్తున్నాను" అని నాలుగుసార్లన్నారు.
ఒక్కసారి అని, ముగించండి.
తొమ్మిది దాటితే మా గేటు సంగతి మీకు తెలీదు.
పెద్దిరాజు గారు హారన్ కొట్టలేక
బేస్‌మెంటు మెట్ల మీద తాళాల గుత్తి ఆడిస్తుంటాడు.
అది మొదలైతే ఇక మాకు ఏ వాక్యమూ వినపడదు.

బాగున్నదీ చెప్పాలి కదా.
మైకులో బ్యాటరీ అయిపోయినప్పుడు
కాగితం పక్కన పెట్టి, గొంతు తగ్గించి
మీ నాన్నగారు వల బాగుచేస్తూ
దారం పంటితో తెంపేవారని చెప్పారు చూడండి,
ఎందుకు చెప్పారో మీకే తెలియనట్టు ఆగిపోయారు.
అక్కడ నేను ఉన్నానండి.
మొత్తం ఉన్నాను.
ఈలోగా ఎవరో కొత్త బ్యాటరీ తెచ్చారు.

వచ్చే శుక్రవారం నాకు వీలవదు,
మామా చెల్లెలి నిశ్చితార్థం, నలభైమందికి వంట.
ఏం చెప్పారో సువర్ణమ్మని అడుగుతాను.
కోపమొస్తే మటుకు—

ఉండండి, బెల్లు.
మూడో అంతస్తు.
వస్తున్నా మామా