అర టికెట్టు

ఐదేళ్ళు నిండని పిల్లలకి నా బస్సులో టికెట్టు లేదు.
అందుకే ఆత్మకూరు రూట్లో ఏ పిల్లోడికీ ఐదు నిండవు.
గొంతు మారబోతున్నవాణ్ణి కూడా ఒళ్ళోకి లాక్కుని
కాళ్ళు మడిపించి
"మొన్ననే నాలుగు దాటాయి మేడం" అంటారు.
పన్నెండేళ్ళ సర్వీసు నాది.
తల్లి మొహం చూడను,
వాడి ముందు పళ్ళు చూస్తా.
"ఏం చదువుతుండావు నాయనా" అంటా.
తల్లి గిల్లేలోపే చెప్పేస్తాడు, మూడో తరగతని.

ఈ జూన్‌లో వేదాయపాళెంలో ఒక మేడ మెట్లెక్కి
ఆ తల్లిని నేనయ్యా.
"రెండున్నర నిండాలండీ" అంది కుర్చీలో ఆమె.
"నిండింది" అన్నా.
ఆమె నా మొహం చూడలేదు.
బల్ల మీదుగా వంగి "నీ పేరేంటమ్మా" అంది.
లోహిత తన కొత్త చెప్పులు చూపించింది.

రెండేళ్ళ నాలుగు నెలలు.
గిల్లడానికి కూడా ఏమీ చెప్పలేదు పాపం.

మా ఆయన కృష్ణపట్నం పోర్టులో, షిఫ్టు ఆయన చేతిలో లేదు.
మా అత్తకి ఉదయగిరిలో తన మేకలుండాయి,
రానంది, నేను రెండోసారి అడగలా.
డిపోలో చెప్పుకుంటే డ్రైవరు మాలకొండయ్య
"పిల్లలు గడ్డిలా పెరుగుతారమ్మా" అన్నాడు.
ఆయన పిల్లలు ఎట్టా పెరిగారో
ఆ ఇంటామెని అడగాల.

నాలుగు వీక్లీ ఆఫ్‌లు తిరగడానికే పోయినాయి.

మాగుంట లేఔట్‌లో ఏసీ ఉంది, గోడ మీద జిరాఫీ ఉంది,
"మీ పాపని ఎప్పుడైనా ఫోన్లో చూసుకోవచ్చు" అన్నారు.
ఒక చేతిలో మిషను, ఒక చేతిలో చిల్లర,
వేళ్ళ సందుల్లో మడిచిన నోట్లు.
ఏ చేత్తో చూసుకునేది?

ఇంకోచోట పద్దెనిమిది మంది పిల్లలు
గోడ వారగా, నోటి మీద వేలేసుకుని.
"చూడండి ఎంత డిసిప్లినో" అందామె.
చావుకి పోయేవాళ్ళు కూడా నా బస్సులో
అంత చప్పుడు లేకుండా కూర్చోరు.
పిల్లని చంకనేసుకుని దిగొచ్చేశా,
అప్లికేషనుకి కట్టిన రెండొందలు వెనక్కి అడగను కూడా అడగలా.

స్టోన్‌హౌస్‌పేట సందులో ఆ ఇంటికి బోర్డు లేదు.
తీగ మీద ఇరవై బుల్లి చెడ్డీలు.
లోపల ఫినాయిలు, ఉచ్చ, చారన్నం కలిసిన వాసన.
ఒకడు ఏడుస్తుండాడు,
ఇంకొకడు వాడి ఏడుపు చూసి నవ్వుతుండాడు.
చూడగానే నచ్చిందని కాదు.
కిటికీకి ఒక ఊచ లేదు, ఆ మాట ముందే అనేశా.
ఫారం అడిగితే లేదన్నారు.
మస్తానమ్మ అని ఆయా, ఎవడిదో ముక్కు తుడుస్తా అడిగింది:
"ఒంటేలొస్తే ఏమంటది?"
"టిస్సు."
"నిద్దరొస్తే?"
"ఏమీ అనదు. చెవి పట్టుకుంటది. తనది కాదు, మనది."
ఆమె కుడిచెవి కమ్మ శీల తిప్పి తీసి
కొంగు చివర ముడేసుకుంది.
"ఎడమది కూడా తియ్యాల్నా?"

ఎన్నేళ్ళని ఆమె అడగలేదు.
నేనే చెప్పా. నిజమే చెప్పా.

నాలుగింటికి తలుపులేస్తారు. నా బస్సు ఊళ్ళోకొచ్చేది అయిదూ నలభైకి.
ఆ గంటా నలభై నిమిషాలు తన దగ్గర ఉంచుకోడానికి
మస్తానమ్మ విడిగా ఆరొందలడిగింది.
అయిదొందలన్నా.
ఆరొందలే అంది.
సరే అన్నా.

మొదటి రోజు లోహిత ఏడ్చింది. అందులో చెప్పేదేముంది.

బుచ్చి స్టాపులో ఒకామె ఎక్కింది,
ఒళ్ళో పట్టని కొడుకుతో.
"ఐదు నిండలేదు మేడం."
అర టికెట్టు కొట్టా. రూలు రూలే.
ఏం చదువుతుండావని మాత్రం వాణ్ణి అడగలా.

సంగం దాటినాక
చెవి దగ్గర ఏదో పోయినట్టనిపించింది.
రెండేళ్ళ తర్వాత ఆ పొద్దే కమ్మలు పెట్టుకున్నా.
మిషను చంకలో ఇరికించుకుని
రెండు పక్కలా తడిమి చూసుకున్నా.
ఉండాయి.